మూగ డబ్ల్యూ

ఇంగ్లీషు స్పెల్లింగులో చిన్నప్పటి నుంచీ మనల్ని సతాయించే వాటిలో ‘ఆర్’ ముందు నిలబడే ‘డబ్ల్యూ’ ఒకటి. పలికేటప్పుడు దాని ఊసే ఉండదు, రాసేటప్పుడు మరిస్తే మార్కు పోతుంది. అయితే ఆ రెండక్షరాలతో మొదలయ్యే మాటల్ని డిక్షనరీలో వరసగా చదువుకుంటూ పోండి. చాలావాటిలో ఏదో ఒకటి మెలి తిరుగుతూ కనిపిస్తుంది. తడిబట్టను పిండితే రింగ్. మెకానిక్ పానా పట్టి నట్టును బలంగా తిప్పితే రెంచ్. వానపాము మెలికలు తిరిగితే రిగిల్, నొప్పితో మనిషి తిరిగితే రైద్. చర్మం ముడత పడితే రింకిల్. తీగల్ని మెలేసి చుట్టిన పూలచక్రం రీత్. చేతికి తిరుగుడు కీలు, మన మణికట్టు, రిస్ట్. దాని తోబుట్టువు ‘వ్రిస్ట్’ స్వీడిష్ భాషలో చేతిని వదిలి పాదం పైభాగానికి దిగిపోయింది.

ఈ సంగతి మొదట పట్టుకున్నవాళ్ళలో జాన్ వాలిస్ ఒకడు. ఆక్స్‌ఫర్డ్ గణితాచార్యుడు, అనంతానికి మనం వాడే గుర్తు (అదీ ఒక మెలికే) 1655లో ఆయన పెట్టిందే. అంతకు రెండేళ్ళ ముందు లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో, ఈ జంటాక్షరం వంకరనూ మెలినీ సూచిస్తుందని చెప్పాడు. ఇలా అర్థపు వాసన కొట్టే ధ్వనుల గుంపులకు 1930లో ‘ఫోనెస్తీమ్’ అని పేరు పెట్టిన జె.ఆర్. ఫర్త్ మనకు కాస్త దగ్గరివాడు. 1930ల చివర్లో ఇండియాకు వచ్చి గుజరాతీతో పాటు తెలుగునూ పరిశీలించాడు.

ఇక్కడే చిక్కు. ఫర్త్ మాట్లాడింది ధ్వనుల గురించి. ఇక్కడ ధ్వని పోయింది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు ‘వ్ర’ లాంటిదే పలికేవారు. 17వ శతాబ్దం ముగిసేసరికి చాలామంది నోట అది జారిపోయింది. డచ్చివాళ్ళు ఇంకా ‘వ్రింగెన్’ అనే అంటారు. ఇంగ్లీషులో మాత్రం, కాలం చేసిన తాతగారి పేరు రేషన్ కార్డులో ఉండిపోయినట్టు, డబ్ల్యూ కాగితం మీద మిగిలింది. అలా మిగలబట్టే చుట్టరికం కంటికి ఆనుతోంది. ఇవే మాటల్ని తెలుగులో రాస్తే, పైన నేను రాసినట్టే, బట్ట పిండే రింగూ వేలి రింగూ ఒకటైపోతాయి.

వీటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రాంగ్. స్కాండినేవియా వాళ్ళ నోటి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకు మొదటి అర్థం వంకర. తప్పు, అన్యాయం ఆ వంకరలోంచి పుట్టినవే. దానికి ఎదురు నిలిచే రైట్ అసలు అర్థం తిన్ననిది. సంస్కృతం ‘ఋజు’ దానికి దూరపు చుట్టం. మన ఋజువర్తన, కోర్టుల్లో అడిగే ఋజువు అక్కడివే. లా కాలేజీలో చదివే ‘టార్ట్’ కూడా లాటిన్‌లో మెలి తిరిగినదన్న మాట నుంచే, ఫ్రెంచి మీదుగా వచ్చింది. మాటలో మెలిక పెట్టేవాణ్ణి నమ్మకూడదని మనకు ఒకరు చెప్పాలా!

అక్షరాల్ని నమ్మి అందరినీ ఒకే ఇంటివాళ్ళని అనుకోనక్కర్లేదు. రాయడం అనే అర్థంలో వాడే రైట్‌కు కూడా ముందు డబ్ల్యూ ఉంది, మెలి మాత్రం లేదు. పాత ఇంగ్లీషులో దాని అర్థం గీరడం, చెక్కడం. తమాషా ఏమిటంటే మన క్రియ కూడా ఒకప్పుడు ‘వ్రాయు’. తమిళంలో గీయడానికి వాడే ‘వరై’ దాని బంధువు; ఇంగ్లీషు మాటతో ఏ సంబంధమూ లేదు, పోలిక ఉత్త కాకతాళీయం. రెండుచోట్లా ‘ర’ ముందున్న ‘వ’ నోట్లోంచి జారింది. ఇంగ్లీషువాడు రాతలో దాన్ని అలాగే ఉంచాడు, మనం నోటి వెంటే కలాన్నీ నడిపించాం. పిల్లలకు అదే మేలు. నష్టం మాత్రం లేకపోలేదు. ‘పలక మీద రాయి’, ‘తలకు నూనె రాయి’: ఈ రెండు క్రియలూ వేరని ఇప్పటి అక్షరాలు చెప్పవు. ‘వ్రేలు’ది ఇంకో దారి. అందులో ‘వ’ నిలిచి ‘ర’ పోయింది, వేలు మిగిలింది. తమిళ ‘విరల్’ పక్కన పెడితే గానీ ఆ ‘ర’ ఎక్కడిదో తెలియదు.