ఇంటి కారు - తాళంచెవి ఎవరిది?



ఇంట్లో బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉంటాయని అడిగితే ఆలోచించకుండానే చెప్పేస్తాం, ఇల్లాలి దగ్గరేనని. పాల లెక్క, చాకలి పద్దు, పచారీ సామాను చీటీ, అన్నీ ఆవిడ చేతిలోవే. మరి కారు తాళంచెవో? అది మాత్రం అయ్యగారి చొక్కా జేబులోనే ఉంటుంది. శ్రీవారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి మనకి తట్టదు. పొద్దున్న తొమ్మిదింటికి కారు ఆఫీసుకి వెళ్తుంది, సాయంత్రం ఆరింటికి తిరిగొస్తుంది. ఆ మధ్య వేళల్లో అది ఇంటిది కాదు, ఆఫీసుది.

అసలు చిక్కు రిటైరయిన మర్నాడు మొదలవుతుంది. కారూ గుమ్మంలోనే, ఆయనా గుమ్మంలోనే! ఆయనకి బ్యాంకు పని, ఆవిడకి గుడి. ఆయనకి స్నేహితుల దగ్గరకు వెళ్ళాలని, ఆవిడకి చెల్లెలింటికి వెళ్ళాలని. కారు ఒకటి, దారులు రెండు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడనట్టే ఒక స్టీరింగు ముందు ఇద్దరు కూర్చోలేరు కదా. భార్యాభర్తలు కారుని ఎలా పంచుకోవాలన్న ప్రశ్న మన వీధిలో పుట్టింది కాదు. కారు పుట్టిననాడే పుట్టింది. ఆ కథే ఇవాళ చెప్పుకుందాం.

కారుని కనిపెట్టినవాడు జర్మనీ దేశస్థుడు కార్ల్ బెంజ్ అని పిల్లల పుస్తకాల్లో చదువుతాం. 1886లో పేటెంటు ఆయన పేరే వచ్చింది. కాని ఆయన వర్క్‌షాపు నిలబడింది భార్య బెర్తా కట్నం సొమ్ముతో. పెళ్ళికి ముందే ఆవిడ ఆ డబ్బు తీయించి, కాబోయే భర్త వ్యాపారంలో పెట్టింది. కారు తయారయింది గాని కొనేవాళ్ళు లేరు. గుర్రం లేని బండిని నమ్మేదెవరు? 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకి చెప్పకుండా, ఇద్దరు మగపిల్లల్ని వెంటబెట్టుకుని బెర్తా ఆ కారు తీసింది. మన్‌హైం నుంచి పుట్టింటి ఊరు ఫోర్జ్‌హైంకి, నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం! పెట్రోలు బంకులు లేని రోజులవి. దారిలో వీస్లోక్ అనే ఊళ్ళో మందుల షాపులో, మరకలు పోగొట్టడానికి వాడే ద్రావకం కొని ఇంధనంగా పోసింది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పొడుగాటి పిన్నుతో పొడిచి బాగు చేసింది. బ్రేకులు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టే అతని చేత తోలు వేయించింది. సాయంత్రానికి క్షేమంగా చేరి, అప్పుడు భర్తకి తంతి కొట్టింది.

చూశారా! లోకంలో మొట్టమొదటి దూరప్రయాణం కారులో చేసినది ఓ ఇల్లాలు. పెట్టుబడి ఆవిడది, ధైర్యం ఆవిడది. కాగితం మీద పేరు మాత్రం ఆయనది. ఈ కాగితం సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్దాం. అక్కడ హెన్రీ ఫోర్డ్ 1908లో మోడల్ టి కారు తీసుకొచ్చాడు. 1927 వరకు కోటీ యాభై లక్షల కార్లు తయారయ్యాయి. సామాన్యుడికి కారు అందించిన మహానుభావుడు ఆయన. మరి ఆయన భార్య క్లారా ఏ కారు నడిపేదో తెలుసా? తన భర్త కారు కాదు, వేరే కంపెనీ తయారుచేసిన డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు! 1914 నాటి ఆ కారు ఫోర్డ్ పేరిట ఉన్న మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. కారణం వింటే మీకు నవ్వు రాదు, జాలి వేస్తుంది. ఆ రోజుల్లో పెట్రోలు కారు కదలాలంటే ముందు నిలబడి ఇనప హ్యాండిలు గిరగిరా తిప్పాలి. అది ఎదురు తిరిగిందంటే మణికట్టు విరిగేది. మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు 1912లో కాడిలాక్ కారుకి వచ్చింది. ఫోర్డ్ కారుకి రావడానికి 1919 దాకా పట్టింది. అంతదాకా ఆ ఇంట్లో అయ్యగారిది ఒక కారు, అమ్మగారిది ఒక కారు. డబ్బున్నవాళ్ళు గనక అలా పంచుకున్నారు.

మామూలు సంసారుల సంగతో? రెండో ప్రపంచయుద్ధం తరవాత అమెరికాలో ఊరికి దూరంగా కొత్త కాలనీలు కట్టారు. ఇల్లు విశాలం, తోట అందం, కాని బస్సు లేదు, నడిచివెళ్ళే దూరంలో కొట్టు లేదు. భర్త కారు తీసుకుని పనికి వెళ్తే భార్య సాయంత్రం దాకా ఇంట్లో బందీ. 1950లలో ఫోర్డ్ కంపెనీవారు ఈ కష్టాన్నే పట్టుకుని, ఇంటికి రెండు కార్లుండాలని ప్రకటనలు గుప్పించారు. 1960 జనాభా లెక్కల నాటికి అక్కడ సుమారు అయిదిళ్ళలో ఒకదానికి రెండు కార్లున్నాయి. ఇప్పుడు సగానికి పైగా ఇళ్ళలో రెండో, అంతకంటె ఎక్కువో ఉన్నాయి.

ఆ దంపతులు కూడా రిటైరవుతారు కదా. అప్పుడు రెండో కారు కూర్చుని తినే అల్లుడి లాంటిది. నడిచినా నడవకపోయినా ఇన్సూరెన్సు కట్టాలి. ఒకటి అమ్మేద్దామంటారు. ఏది? చాలా ఇళ్ళలో ఆయన నడుపుతాడు గదా అని ఆవిడ తన కారు వదులుకుంటుంది, అలవాటూ వదులుకుంటుంది. అక్కడే మోసం వస్తుంది. అమెరికాలో 2002లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్క తీసింది. డెబ్బై దాటాక కారు నడుపుతున్నవాళ్ళు, నడపడం మానేసిన తరవాత ఇంకా ఎన్నేళ్ళు బతుకుతారని. పురుషులు సుమారు 6 ఏళ్ళు, స్త్రీలు సుమారు 10 ఏళ్ళు. అంటే పదేళ్ళపాటు ప్రతి చిన్న పనికీ ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళాలి. ఆడవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారన్న సంగతి మనకి తెలుసు, ఆ కాలమంతా ఎలా తిరుగుతారన్నది ఎవరూ ఆలోచించరు.

ఇక మన ఇంటికి వద్దాం. మనదేశంలో కారు నడిపిన మొదటి స్త్రీగా సుజాన్ టాటా పేరు చెబుతారు. 1905 నాటి మాట. ఆవిడ జె.ఆర్.డి. టాటా తల్లి. కాని అది పెద్దింటి ముచ్చట. మధ్యతరగతి ఇంటికి కారు వచ్చింది స్వాతంత్ర్యం తరవాతే. 1957లో మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాగా అంబాసిడర్ మొదలయింది. బొంబాయిలో తయారైన ఫియట్ తరవాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుంది. 1961లో మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చింది. ఆ రోజుల్లో డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వంతు కోసం కాచుకోవాలి. అలా తపస్సు చేసి తెచ్చుకున్న కారు మీద ఇంకొకరి చెయ్యి పడనిస్తారా? పైగా స్టీరింగు బరువు, స్టీరింగు పక్కనే గేరు కర్ర, దాన్ని మెలితిప్పాలి. "నీ వల్ల కాదులే" అనడానికి మగవారికి మంచి సాకు దొరికింది. మన పాత్ర ఏమిటయ్యా అంటే, పండగనాడు కారుకి పసుపు కుంకుమలు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం!

1983 డిసెంబరు 14న ఆ సాకు కాస్త వదులయింది. ఆనాడు ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళంచెవిని హర్‌పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి చేతికిచ్చారు. ఆయన 2010లో కన్నుమూసేదాకా ఆ కారు అమ్మలేదు. ధర సుమారు యాభై వేలు. చిన్న కారు, తేలిక స్టీరింగు, గేరు కర్ర చేతికి అందేంత దగ్గర. నగరాల్లో ఆడవాళ్ళు కారు నేర్చుకోవడం పెరిగింది ఆ తరవాతనే.

రిటైర్మెంటు కూడా మారుతూ వచ్చింది. అదే 1983లో మన రాష్ట్రంలో పదవీవిరమణ వయసుని 58 నుంచి 55కి దించారు, తరవాత మళ్ళీ 58 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. అంటే ఇప్పుడు గ్రాట్యుటీ డబ్బుతో కారు కొనే దంపతులు వెనకటి వాళ్ళకంటె పెద్దవాళ్ళు. మోకాళ్ళు, కళ్ళు ముందే మొరాయిస్తుంటాయి.

కార్ల చరిత్రలో 2014 ఒక విచిత్రమైన సంవత్సరం. మారుతి 800 తయారీ ఆగింది, అంబాసిడర్ తయారీ కూడా ఆగింది. ఆ ఏడే, క్లచ్చి తొక్కక్కర్లేకుండా తనంతట తానే గేరు మార్చుకునే చవక కారు సెలెరియో వచ్చింది. ఎడమ మోకాలు నొప్పి ఉన్న అమ్మలకు ఇంతకంటె మేలు చేసిన యంత్రం ఇంకోటి లేదంటాను. ఇదే సౌకర్యం ఇప్పుడు చాలా చిన్న కార్లకి ఉంది. "నీ వల్ల కాదులే" అన్న మాటకి ఇక చోటే లేదు.

మరి మనవాళ్ళు కారుని ఎలా పంచుకుంటున్నారు? నేను చూసినంతలో మూడు పద్ధతులు. కొందరు వేళలు పంచుకుంటారు. పొద్దుటిపూట ఆవిడది, సాయంత్రం ఆయనది. ఇది మేలు, పోట్లాట ఉండదు. కొందరు దారులు పంచుకుంటారు. ఊళ్ళో తిరుగుడు ఆవిడ, ఊరి బయట రోడ్డు ఆయన, చీకటిపడితే ఎవరి చూపు బాగుంటే వాళ్ళు. నన్నడిగితే ఇది ఇంకా మేలు. మూడోది, పిల్లలు విదేశాలకు వెళ్తూ వదిలిపెట్టిన కారుతో కలిపి రెండు కార్లు ఉంచుకోవడం. ఒకటి నడుస్తుంది, రెండోది కవరు కప్పుకుని నిద్రపోతుంది. కదలని కారుకి బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు పాడవుతాయి, ఇన్సూరెన్సు మాత్రం ఆగదు. అలాంటిది అమ్మేసి ఆ డబ్బుతో క్యాబుల్లో తిరగడం తెలివి. హైదరాబాదులో 2017 నుంచి మెట్రో రైలూ ఉంది.

ఈ మూడు పద్ధతుల్లోనూ చేరని ఇళ్ళే ఎక్కువ. ఆయనే నడుపుతారు, ఆవిడ పక్కన కూర్చుంటుంది. బతుకంతా హాయిగా సాగుతుంది, ఆయనకి శుక్లాల ఆపరేషను అయ్యేదాకా, లేదా ఆయన లేకుండా పోయేదాకా. ఆ తరవాత షెడ్డులో కారుండగా వీధి చివర ఆటో కోసం నిలబడ్డ అమ్మలను మీరూ చూసే ఉంటారు. కారుని అమ్ముదామన్నా కుదరదు. కాగితం ఆయన పేరు మీద! బెర్తా కథలో చెప్పిన కాగితం ఇదే.

అందుకని చట్టం సంగతి నాలుగు ముక్కలు వినండి. 1988 మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. దాని ప్రకారం 55 ఏళ్ళు దాటినవాళ్ళకి లైసెన్సు అయిదేళ్ళకొకసారి కొత్త చేయించుకోవాలి. నలభై దాటితే డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. యజమాని పోతే, వారసులు ముప్పై రోజుల్లోగా రవాణా ఆఫీసుకి తెలియజేసి, మూడు నెలల్లోగా తమ పేరుకి మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు కూడా ఆ మూడు నెలలకి మించి, లేదా దాని గడువుకి మించి నిలవదు. దుఃఖంలో ఉన్న ఇంట్లో మూడు నెలలంటే మూడు రోజులు. 2021 నుంచి రిజిస్ట్రేషను పుస్తకంలో ముందుగానే నామినీ పేరు రాయించుకునే వీలు కల్పించారు. ఇంకొక మాట. యజమాని డ్రైవరుకని కట్టే ప్రమాద బీమా, పుస్తకంలో పేరున్న యజమానికే వర్తిస్తుంది. కారు ఎక్కువగా మీరే నడుపుతుంటే, అది మీ పేరున ఉండటమే న్యాయం.

ఇవన్నీ భర్త మీద అపనమ్మకంతో చేసే పనులు కావు. బ్యాంకు పాసుపుస్తకంలో, ఇంటి పత్రాల్లో ఇద్దరి పేర్లూ ఉండాలని మనకి ఇప్పుడు అలవాటయింది. కారొక్కటీ ఎందుకు విడిగా ఉండాలి? ఈ ఆదివారం కాఫీ తాగుతూ ఆయన్ని మూడు సంగతులు అడగండి: పుస్తకంలో నామినీ పేరుందా, నా లైసెన్సు గడువు ఎప్పటిదాకా, వారానికి రెండు పూటలు కారు నాకిస్తారా అని. లైసెన్సు లేనివాళ్ళు నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదు, చూపు బాగుంటే చాలు. ఎన్నడో నేర్చుకుని మానేసినవాళ్ళు తెల్లవారుజామున రద్దీ లేని వీధిలో ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టండి. ఇన్నాళ్ళూ మనం పక్క సీట్లో కూర్చుని "నెమ్మది, నెమ్మది" అన్నాం. ఇప్పుడు ఆ మాట వారు అంటారు, అననివ్వండి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఇద్దరూ ఉండగానే, ఇద్దరి కళ్ళూ కనబడుతుండగానే, ఆ తాళంచెవి జేబులోంచి గోడ మేకు మీదికి రావాలి. ఎవరికి పనుంటే వారు తీసుకునేలా.