తిరుగలి మొదలు రొట్టెయంత్రము వరకు

శ్రోతలారా! చరిత్ర యనగా రాజుల వంశక్రమమును, యుద్ధముల సంవత్సరములును మాత్రమే యని మనలో పెక్కుమంది తలంపు. చేతిపని చేసి బ్రదికినవారి పేరు అందు మిక్కిలి యరుదుగా కానవచ్చును. మన జగ్గయ్యపేట స్తూపమున, ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలపు శాసనమున, సిద్ధార్థుడను శిల్పి ఆయకస్తంభములను సమర్పించినట్లు చెక్కబడియున్నది. క్రీస్తుశకము మూడవ శతాబ్దము నాటి పనివాడొకడు ఈ విధముగా మనకు మిగిలెను. ఆ శిల్పికి నాడు కూడు వండిపెట్టిన యిల్లాలి పేరు ఏ రాతిమీదను లేదు. కావున నేటి ప్రసంగమునకు నేను రొట్టె చరిత్రను గైకొంటిని. తిరుగలి మొదలుకొని, విద్యుచ్ఛక్తితో తనంతట తానే పిండి పిసికి, పొంగించి, కాల్చు రొట్టెయంత్రము వరకు ఈ కథ నడచును. విదేశములలో కాపురమున్న మన బిడ్డల యిండ్లలోను, మన పట్టణములలోని కొన్ని యిండ్లలోను ఆ యంత్రము నేడు కనబడుచున్నది. దానితో క్రొత్తగా రొట్టె చేయబూనువారికి తేలికైన విధానములను గూడ చెప్పెదను.

గోధుమ మన దేశమునకు క్రొత్తది కాదు. శివాలయములో చమకము విన్నవా రెల్లరును గోధూమ శబ్దమును వినియే యుందురు. వ్రీహులు, యవలు, తిలలు, ముద్గములతోబాటు గోధూమములును తనకు కలుగవలెనని యజమాను డందు కోరును. పండ్రెండవ శతాబ్దమున పశ్చిమ చాళుక్యరాజైన సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసమున గోధుమపిండితో చేయు మండకములు వర్ణింపబడినవి. కాని యవి రాజుల పంక్తిభోజనములు. మెట్టసీమ కాపునకు దినదినమును ఆకలి తీర్చినది జొన్న. కృష్ణకు ఆవలి యొడ్డున నున్న పలనాటిలో జొన్నకూడే గతియయ్యెనని శ్రీనాథుడు పరిహసించినట్లు చాటువులు ప్రచారములో నున్నవి. కవిసార్వభౌముడు పరిహసించిన ఆ జొన్నయే జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్టభూములలో తరతరములుగా జనులను బ్రదికించినది.

మునియేటి యొడ్డున నున్న మా పెనుగంచిప్రోలులో, 1960 దశకమున, నా బాల్యమునందు కోడి కూయకమునుపే తిరుగలి చప్పుడు వినవచ్చెడిది. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుండి, ఒకే పిడిని పట్టి త్రిప్పుచు, పాట పాడుకొనుచు విసరుచుండిరి. ఆ పాటలు వినుటకు ఇంపుగా నుండెడివి; వాని వెనుక భుజములు పడిన బాధను మేము తలంపలేదు. పిండి యైన పిదప పొయ్యిమీద నీరు మరుగవలెను. మా నాయనమ్మ నీరు మరుగక ముందు పిండిని తాకనిచ్చెడిది కాదు. ఏల యని యడిగిన, “చన్నీళ్ళతో కలిపితే రొట్టె విరిగిపోతుందిరా” అని మాత్రమే చెప్పెడిది. మరుగునీటితో కలిపిన పిండిని చేయి కాలుచుండగనే మర్దించి, పీటమీద అరచేతితో తట్టి, గుండ్రముగా సాగజేసి, పెనముమీద వేసి, పైన తడిచేతితో నీరు పూసెడిది.

ఆ మాటలోని మర్మమును శాస్త్రజ్ఞులు నేడు విప్పి చెప్పుచున్నారు. గోధుమపిండిలోని మాంసకృత్తులు నీటితో కలిసినప్పుడు గ్లూటెన్ అను సాగెడి బంక యేర్పడును. జొన్నలో ఆ బంక లేదు. మరుగునీరు పోసినప్పుడు జొన్నపిండిలోని గంజిపదార్థము కొంత ఉడికి, జిగురై, ముద్దను విరుగకుండ నిలుపును. బంక లేని లోటును వేడినీటితో తీర్చవలెనని మా నాయనమ్మకు ఆమె తల్లి నేర్పెను. ఆ తల్లికి ఆమె తల్లి నేర్పెను. అందు వ్రాత లేదు, తూకము లేదు. ప్రక్కన కూర్చుండి చూచుటయు, చూచినది చేయుటయు తప్ప వేరు పాఠశాల లేదు.

గోధుమకు గల ఆ బంకయే పొంగురొట్టెకు మూలము. ఈస్ట్ అను సూక్ష్మజీవి పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ వాయువు బంకపొరల నడుమ చిక్కుకొని ముద్దను ఉబ్బించును. మనము రాత్రివేళ పులియబెట్టు ఇడ్లీపిండి పొంగుటయు సూక్ష్మజీవుల పనియే. పులిసిన ముద్దను కాల్చి తినుట ప్రాచీన ఈజిప్టువారికి వేలయేండ్ల క్రిందటనే తెలియును. పులియుటకు జీవకణములే కారణమని పరిశోధనల మూలమున స్థాపించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్. ఆయన ఆ విషయమై తొలి వ్యాసమును ప్రకటించినది 1857లో; ఉత్తరదేశమున సిపాయిలు తిరుగబడిన యేడును అదియే.

మన దేశమున ఈ రొట్టెను వ్యాపింపజేసినవారిలో పోర్చుగీసువారు ముఖ్యులు. వారు 1510లో గోవాను పట్టుకొనిరి. ఆ సీమలో రొట్టెపనివారు పిండిని పులియబెట్టుటకు కల్లును వాడిరి. పావ్ అను పేరు పోర్చుగీసు భాషనుండి వచ్చినదే. మనవైపు దానికి డబల్ రొట్టె యని పేరు కలిగెను. హైదరాబాదు విందులలో వడ్డించు డబల్ కా మీఠా ఆ పేరునే మోయుచున్నది. దేశవిభజన పిమ్మట సింధుదేశమునుండి తరలివచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ గారు హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్టు చెంత 1953లో కరాచీ బేకరీని స్థాపించిరి.

పల్లెలలో మాత్రము చాలకాలము డబల్ రొట్టె రోగుల పథ్యముగనే యుండెను. దానిని, గోధుమను మన వాకిళ్ళకు తెచ్చినవి వేరు కారణములు. అమెరికా ప్రభుత్వము 1954లో చేసిన పి.ఎల్. 480 చట్టము ననుసరించి, 1956లో కుదిరిన యొడంబడికతో, ఆ దేశపు గోధుమ ఓడలమీద వచ్చెను. 1965లో భారతప్రభుత్వము మోడరన్ బేకరీస్ సంస్థను నెలకొల్పి పట్టణములలో రొట్టెను అగ్గువగా నమ్మించెను. ఆ సంస్థ 2000లో ప్రైవేటువారికి విక్రయింపబడెను. మనవైపు అంతకంటె పెద్ద మార్పు నీటివలన కలిగెను. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీరు జగ్గయ్యపేట, నందిగామ మెట్టలకు చేరినకొలది జొన్నచేలు వరిమళ్ళయ్యెను. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండురూపాయలకు బియ్యము నిచ్చినప్పుడు పేదయింటను గూడ అన్నము నిత్యభోజనమయ్యెను. ఊరూర పిండిమర వెలసెను. తిరుగలి పెరటిలో చేరెను. ఇది చెడు కాలమని నే ననను. తెల్లవారుజామున విసరు బాధ తప్పినందుకు స్త్రీలు సంతసించిరి. వారి సంతోషము న్యాయమైనది. అయితే తిరుగలితోబాటు దానికి సంబంధించిన చేతివిద్యయు పెరటిలోనికి పోయెను.

ఇక యంత్రము కథ. జపాను దేశమున ఒసాకా నగరపు మత్సుషిత విద్యుత్పరికరముల సంస్థవారు, అనగా నేటి పానసోనిక్ వారు, 1980 దశకము నడుమ గృహస్థుల కుపయోగించు రొట్టెయంత్రమును నిర్మింపబూనిరి. వారికి మొదట పని కుదురలేదు. రొట్టె పైన మాడి, లోపల పచ్చిగా నుండెను. యంత్రము పిసికిన ముద్దకును, నిపుణుడు పిసికిన ముద్దకును ఎక్స్‌రే చిత్రములు తీసి పోల్చిచూచిరి. అందువలనను భేదము బయటపడలేదు. అప్పుడు ఆ సంస్థలో పనిచేయు ఇకుకో తనకా అను విదుషీమణి, ఆ నగరమున రొట్టెకు పేరుపొందిన ఒసాకా ఇంటర్నేషనల్ హోటలులోని ప్రధాన రొట్టెపనివానికి శిష్యురాలయ్యెను. ఆయన చేతికి తెలిసినది ఆయన నోటికి చెప్పరాదు. ఆమె ప్రక్కన నిలిచి, చూచి, తానును పిసికి, కడకు కిటుకును కనిపెట్టెను. ఆయన ముద్దను ఒత్తుట మాత్రమే గాదు, మెలిపెట్టి సాగదీయుచుండెను. ఇంజనీర్లు ఆ మెలిక యంత్రమునకు వచ్చునట్లు పాత్రలోపల గట్లవంటి నిర్మాణము నమర్చిరి. ఈ విధముగా 1986, 87 సంవత్సరములలో ఇంటి రొట్టెయంత్రము విపణికి వచ్చెను. కొలదికాలముననే ఇతర దేశములకును వ్యాపించెను. గురువు చేతిని శిష్యురాలు చదివినందున పుట్టిన యంత్ర మిది. బడిపంతులుగా నాకీ కథయందు గల మక్కువ కిదియే హేతువు.

దాని నిర్మాణము క్లిష్టము కాదు. లోపల ఒక పాత్ర, పాత్ర యడుగున తిరిగెడి రెక్క, చుట్టును వేడి పుట్టించు తీగ యుండును. పిసుకుట, ముద్దకు విశ్రాంతి, మరల పిసుకుట, పొంగుట, కాలుట, ఇవి వరుసగా జరుగును. మామూలు రొట్టెకు ఇంచుమించు మూడు నాలుగు గంటలు పట్టును.

క్రొత్తవారికి మొదటి నియమము: చెంబులతో కాదు, చిన్న త్రాసుతో తూచవలెను. మైదాపిండి 300 గ్రాములు, నీరు 190 మిల్లీలీటర్లు, ఉప్పు 5 గ్రాములు, పంచదార 15 గ్రాములు, నూనె 15 గ్రాములు, పొడి ఈస్ట్ 3 గ్రాములు తీసికొనుడు. యంత్రముతో వచ్చిన పుస్తకము వేరుగా చెప్పనిచో, ముందు నీరు, నూనె, ఉప్పు, పంచదార, వానిమీద పిండి, పిండి నడుమ చిన్న గుంత చేసి అందు ఈస్ట్ వేయవలెను. ఉప్పు ఈస్ట్‌ను నేరుగా తాకరాదు. మీట నొక్కిన పది నిమిషములకు మూత తెరచి చూడుడు. ముద్ద నున్నని బంతివలె నుండిన సరి. పాత్రకు అంటుకొని జారుచున్న ఒక చెంచా పిండియు, పొడిపొడిగా నున్న ఒక చెంచా నీరును చేర్చవలెను. కాలిన వెంటనే రొట్టెను వెలికి తీసి, గాలి తగులునట్లు జల్లెడవంటి దానిమీద నుంచి, గంట చల్లారిన పిదపనే కోయవలెను.

ఇది చేతికి వచ్చిన తరువాత రెండవది: సగము మైదా, సగము గోధుమపిండి. గోధుమపిండి ఎక్కువ నీరు త్రాగును గనుక మరి 15 మిల్లీలీటర్లు పోయవలెను. మూడవది మన సీమకు తగినది: మైదా 250 గ్రాములు, జొన్నపిండి 50 గ్రాములు, తక్కినవన్నియు మొదటివలెనే. రొట్టె కొంచెము తక్కువగా పొంగును గాని, జొన్న కమ్మదనము నిలుచును. మన మెట్టసీమ వేసవిలో పిండి త్వరగా పొంగి కుంగిపోవును. ఆ దినములలో చల్లని నీరు పోయుడు. చలికాలమున నీరు గోరువెచ్చగా నుండవచ్చును. చేయి తాళలేని వేడి యైనచో ఈస్ట్ చచ్చును. పాలు, పెరుగు చేర్చినప్పుడు, రాత్రి సిద్ధముచేసి తెల్లవారుటకు గడియారము పెట్టుట కూడదు; అవి చెడిపోవును.

“యంత్రము వండిన తిండి సోమరుల తిండి” యని కొందరు పెద్దలందురు. పిండిమరను ఆహ్వానించిన మనము ఆ మాట యనజాలము. స్త్రీ శ్రమను తగ్గించిన యే పనిముట్టును నింద్యము కాదు. నా విచారము వేరొకటి. జొన్నముద్ద ఒంటిగా ఆ యంత్రములో గోధుమరొట్టెవలె పొంగదు. దానిలో బంక లేదు గదా! మరుగునీటి పాకము, అరచేతి తట్టు తెలిసినవారు ఇంకను మన యిండ్లలో కొందరు గలరు. వారు డెబ్బది, ఎనుబది యేండ్లవారు. ఒసాకా రొట్టెపనివానికి శిష్యురాలు దొరకెను. మన నాయనమ్మల చేతిని చదివిన వారెవ్వరు?

గ్రామపెద్దలారా! ఇందుకు ధనము వలదు, సభలు వలదు. ఇంటిలోని వృద్ధురాలు రొట్టె తట్టునప్పుడు ప్రక్కన ఒక త్రాసుంచి, ఆమె గుప్పెడు పిండి ఎన్ని గ్రాములో, చెంబెడు నీరు ఎంతో, ఎంత మరిగిన పిదప పోసెనో, మనుమరాలిచేతను మనుమనిచేతను వ్రాయింపుడు. కాగితముపైన ఆమె పేరును, ఊరును, సంవత్సరమును వేయింపుడు. ఈ పని పంటలు ఇంటికి చేరిన తీరిక దినములలోనే మొదలుపెట్టుడు; జాగు చేసినకొలది చెప్పువారు తగ్గుదురు.