పట్టా దాకా స్కాలర్‌షిప్పు, పట్టా తర్వాత పస్తులు

గడ్డిఅన్నారం నుంచి ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులకు పెద్ద దూరమేమీ లేదు. కానీ దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల హాస్టళ్లలో, అద్దెగదుల్లో ఉండి లా చదివిన మన పిల్లల్లో చాలామంది ఆ కాస్త దూరం దాటలేకపోతున్నారు. పట్టా చేతికొస్తుంది, నల్లకోటు కుట్టించుకుంటారు. ఏడాది తిరక్కుండానే కోర్టు మానేసి కోచింగ్ సెంటర్లో పాలిటీ పాఠం చెప్పడానికో, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడ్డానికో మళ్లుతారు. వీళ్లకు ఓపిక లేదు, ఇంగ్లీషు రాదు అని తేల్చేసేవాళ్లున్నారు. మేం అలా అనుకోవడం లేదు. దళితుల చదువుకు ఈ దేశంలో దొరికిన సహాయం దాదాపు అంతా తరగతి గదితోనే ఆగిపోయింది. చదువు అయిపోయాక వృత్తిలో కాలూనుకునే సంవత్సరాలకు ఎవరు కూడు పెట్టాలన్న ప్రశ్నను ప్రభుత్వాలు గట్టిగా పట్టించుకోలేదు. ఈ వ్యాసంలో చెప్పదల్చుకున్నది ఇదే.

మొదట బాబాసాహెబ్ జీవితమే చూద్దాం. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్లపాటు. తిరిగొచ్చాక పదేళ్లు బరోడా కొలువు చెయ్యాలనేది షరతు. 1917లో ఆ కొలువుకే వెళితే ఊళ్లో తలదాచుకోను గది దొరకలేదు. పార్సీ సత్రంలో దిగితే అక్కణ్ణుంచీ వెళ్లగొట్టారు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లు విసిరేసేవాళ్లు. లండన్‌లో బారిస్టరై 1923లో బొంబాయి చేరాక వకీలుగా సనదు తీసుకోవడానికి డబ్బులేక మిత్రుడు నావల్ భతేనా దగ్గర అప్పు చేశారు. ప్రాక్టీసు మీదే బతకడం కుదరక 1925 నుంచి 1928 దాకా బాట్లిబాయ్ అకౌంటెన్సీ సంస్థలో వాణిజ్య చట్టం పాఠాలు చెప్పారు. అంటే, ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పుకుంటున్న మన లా గ్రాడ్యుయేటు పడుతున్న పాటు కొత్తదేం కాదు. దానికి నూరేళ్ల చరిత్ర ఉంది.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. 1942 అక్టోబరులో అంబేడ్కర్ వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఒక మెమొరాండం ఇచ్చారు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు కావాలని అందులో అడిగారు. అయితే ఆర్ట్స్, లా చదువులు మనవాళ్లకు పెద్దగా అక్కరకు రావనీ, సైన్సు, టెక్నాలజీ చదువులకే సాయం కావాలనీ ఆయన వాదన. తాను స్వయంగా బారిస్టరై ఉండి ఇలా ఎందుకన్నారు? మేం చేసే ఊహ ఒకటుంది. వెనక ఆస్తి, బంధుబలగం లేనివాడికి లా పట్టా ఎంతవరకు పనికొస్తుందో ఆయన సొంత అనుభవం మీద తెలుసుకున్నారు. ఆ ప్రయత్నం ఫలించి 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఈ రోజు వాడల నుంచి విశ్వవిద్యాలయం దాకా వచ్చిన మొదటి తరం వాళ్లం చాలామందిమి ఆ చెట్టు నీడనే చదువుకున్నాం. ఐతే ఆ పథకం రూపమే కోర్సుకు ఫీజు, కోర్సు ఉన్నన్నాళ్లు మెయింటెనెన్సు. కోర్సు అయిపోతే అదీ అయిపోతుంది.

మన హైదరాబాద్ సంస్థానంలోనూ ఇదే వరస. 1910 నుంచి భాగ్యరెడ్డివర్మ చందాలు పోగుచేసి దళితవాడల్లో బడులు పెట్టారు. 1947లో లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యాశాఖ చూసిన బి.ఎస్. వెంకట్రావు పట్టుబట్టి కోటి రూపాయల నిధి ఏర్పాటు చేయించారు. అప్పటికి సంస్థానంలో భాగమైన ఔరంగాబాద్‌లో అంబేడ్కర్ 1950లో పెట్టిన మిలింద్ కాలేజీకి ఆ నిధి నుంచే అప్పు అందింది. బడి, హాస్టలు, కాలేజీ. ఆ తరం చేయగలిగింది చేసింది. తర్వాతి మెట్టు మన తరం మీద పడింది.

ఆ మెట్టు ఎలా ఉందో చూడండి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల లా విద్యార్థి 12 వారాలు, ఐదేళ్ల విద్యార్థి 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు వకీళ్ల దగ్గర ఒక్కసారైనా పనిచేసి ఉండాలి. ఆ వారాల్లో బస్సు ఛార్జీ, భోజనం, గది అద్దె ఎవరిస్తారో నిబంధన చెప్పదు. తండ్రో మేనమామో వకీలైన పిల్లవాడికి ఇంటర్న్‌షిప్ అంటే ఇంట్లో పక్కగదికి వెళ్లడం. మనవాడికి మాత్రం తెలియని సీనియర్ ఛాంబరు ముందు నిలబడి, "మీదే ఊరు, ఇంటిపేరేంటి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవడం. ఆడపిల్లలైతే సాయంత్రం హాస్టలు గేటు మూసేలోగా ఛాంబరు నుంచి బయటపడాలి. కొందరు దీన్ని వెట్టి అంటున్నారు. ఆ పోలిక పూర్తిగా సరిపోదు. వెట్టి చేసినవాడికి మిగిలిందేమీ లేదు. జీతం లేని ఈ చాకిరీ చెయ్యగలిగినవాడికి రేపు కక్షిదారులు, పరిచయాలు, పదవులు మిగులుతాయి. అందుకే ఇది కులాల వారీగా వడపోసే జల్లెడ.

ఆ జల్లెడ కన్నాలు ఈ మధ్య ఇంకా సన్నబడ్డాయి. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనుభవం అవసరం కాదని మేం అనడం లేదు. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ ఆ మూడేళ్లూ ఏం తిని బతకాలని అడుగుతున్నాం. అంతకంటే పెద్ద చిక్కు అత్యాచారాల నిరోధక చట్టంలోనే ఉంది. 1989 నాటి ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ప్రత్యేక కోర్టులో మన తరఫున వాదించడానికి ప్రభుత్వం బయటి వకీలును నియమిస్తే ఆయనకు కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఏడేళ్లు కోర్టులో నిలదొక్కుకోలేని సమాజం తన కేసు తాను వాదించుకోలేదు.

ఇది ఉత్త మాట కాదు. 1985 జూలై 17న కారంచేడు జరిగితే బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి బాధితుల పక్కన నిలబడ్డారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. ఇన్నేళ్లు ఫైలు మోసి, సాక్షుల్ని నిలబెట్టి, అప్పీళ్లు చూసుకునే వకీళ్లు ఎంతమంది కావాలి? ఒక్క తారకంతో సరిపోతుందా?

ప్రభుత్వాలు అసలేమీ చెయ్యలేదని కాదు. ఎస్సీ లా గ్రాడ్యుయేట్లను ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర మూడేళ్ల శిక్షణకు పెట్టి స్టైపెండు ఇచ్చే పథకం ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఉంది. జిల్లాకు కొద్దిమందికే అందుతుంది. ఇలాంటిది ఉందన్న సంగతే చాలామంది విద్యార్థులకు తెలీదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన లా నేస్తం కొత్త వకీళ్లకు నెలకు రూ.5,000 ఇచ్చింది. 2024 జూలై 30 తీర్పుతో సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంట్ ఫీజును చట్టంలో ఉన్నంతకే, అంటే రూ.750కి, ఎస్సీ, ఎస్టీలకు రూ.125కి కట్టడి చేసింది. సనదు కోసం అప్పు చేసే రోజులకు ఆ తీర్పు కొంత అడ్డుకట్ట వేసింది. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ జూనియర్లకు పట్టణాల్లో నెలకు రూ.20,000, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15,000 ఇవ్వాలని సలహా ఇచ్చింది. అది సలహాయే, ఆదేశం కాదు.

దళిత విద్యార్థి సంఘాలు ఫీజు బకాయిల కోసం రోడ్డెక్కుతున్నాయి. అది న్యాయమైన పోరాటం. దానికి మరో మూడు కోర్కెలు కలపాలని మేం కోరుతున్నాం. ఒకటి, పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులో ఇంటర్న్‌షిప్ వారాలకు విడిగా భత్యం. రెండు, లా గ్రాడ్యుయేట్ల స్టైపెండు పథకంలో అర్హులందరికీ చోటు, బతకడానికి చాలినంత మొత్తం. మూడు, జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో, కలెక్టరేట్లలో, పంచాయతీల్లో డిగ్రీ విద్యార్థులకు స్టైపెండుతో ఇంటర్న్‌షిప్. 1987 నాటి న్యాయసేవల చట్టం ఎస్సీ, ఎస్టీ కక్షిదారులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హామీ ఇచ్చింది. ఆ సహాయం అందించే పనిలో మన పిల్లలకు చోటూ జీతమూ అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

లా కాలేజీల్లో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులు ఈ ఏడాది ఒక పని చెయ్యాలి. ఐదేళ్ల కిందట తమ దగ్గర పట్టా తీసుకున్న దళిత విద్యార్థుల్లో ఎంతమంది ఇవాళ కోర్టులో ఉన్నారో, ఎంతమంది మానేశారో, ఎన్నో నెలలో మానేశారో పేరుపేరునా రాసిపెట్టాలి. ఆ లెక్క చేతిలో ఉంటే ప్రభుత్వం ముందు మన మాటకు బలం వస్తుంది.