బదనికకి నీళ్ళెవరు పోశారు?

పది రోజులు ఊళ్ళో ఉండి వచ్చి ఫ్లాట్ తలుపు తీసేసరికి, కిటికీ దగ్గరున్న ఆర్కిడ్ ఆకులు వేలాడిపోయి ఉన్నాయి. నిగనిగలాడే మందపాటి ఆకులు కాస్తా ముడతలు పడి పాత చెప్పుతోలులా అయిపోయాయి. బ్యాగు కింద పెట్టకుండానే నీళ్ళ బాటిల్ అందుకున్నాను. ఎండిన మొక్కకి నీళ్ళు పొయ్యాలని ఎవరికైనా తోస్తుంది కదా. కానీ పోసే ముందు అవ్వ అడిగిన ఒక మాట గుర్తొచ్చి చెయ్యి ఆగింది.

మాది ఆత్మకూరు వైపు. అక్కణ్ణించి ఉదయగిరి పోయే దారంతా మెట్ట. ఎర్రమట్టి, రాళ్ళు, చింతచెట్లు, పడమట వెలిగొండలు. వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే పడిపోతుంది. తర్వాత నెలల తరబడి ఎండే. అంత ఎండలోనూ మా చింతచెట్టు కొమ్మని పట్టుకుని ఒక బదనిక ఉండేది. పట్టీల్లాంటి గట్టి ఆకులు, గాల్లో వేలాడే తెల్లటి వేర్లు. చెట్టు రసం తాగేస్తోందని మామ ఒక ఎండాకాలం దాన్ని కొడవలితో కోసి గోడ మీద పడేశాడు. వారాల తరబడి అలా పడుంది. ఆకులు ముడుచుకుపోయాయి. నేను జాలిపడి చెంబుతో నీళ్ళు తెస్తే అవ్వ నవ్వింది. "చెట్టు మీద ఉన్నన్నాళ్ళూ దానికి నీళ్ళెవురు పోసినారు రా?" అంటూ దాన్ని తీసుకెళ్ళి చింతకొమ్మ పంగలో పెట్టి, తాడుతో కట్టింది. వానలు మొదలయ్యాక ఒక వేరు కొస పచ్చబడింది.

మామ కోపానికి ఒక చరిత్ర ఉంది. బదనిక అనే మాట కింద మనం రెండు రకాల మొక్కల్ని కలిపేశాం. మామిడి కొమ్మల మీద నారింజరంగు గొట్టం పూలు పూసే బదనిక నిజంగానే చెట్టులోకి వేరు దింపి రసం పీలుస్తుంది. ఆర్కిడ్ బదనిక అలా కాదు. అది కొమ్మని ఆసరాగా పట్టుకుంటుంది, అంతే. తిండి, నీళ్ళు దాని సొంత సంపాదన. ఈ కలగలుపు మన ఒక్కళ్ళదే కాదు. అమరకోశంలో 'వందా' అన్న మొక్కకి వృక్షాదని అనీ, వృక్షరుహ అనీ పర్యాయపదాలున్నాయి. మొదటిదానికి అర్థం చెట్టుని తినేది, రెండోదానికి చెట్టు మీద పెరిగేది. నేరం, అమాయకత్వం రెండూ ఒకే పద్దులో.

ఆ సంస్కృతపు మాటే తర్వాత ప్రపంచమంతా తిరిగింది. విలియం జోన్స్ కలకత్తాలో రాసుకున్న మొక్కల వివరాలు ఆయన పోయాక 1795లో అచ్చయ్యాయి. అందులో వందా ఉంది. అదే ఏడాది విలియం రాక్స్‌బర్గ్ 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్' మొదటి సంపుటం వచ్చింది. సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మన మొక్కల్ని పరిశీలించినవాడాయన. బొమ్మలు గీసింది భారతీయ చిత్రకారులు. మన బదనిక అందులో 42వ బొమ్మ. పూరేకుల మీద గళ్ళు ఉంటాయి కాబట్టి దానికి టెసెల్లేటం అని పేరు పెట్టాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ వాండా అనే ప్రజాతిని స్థిరపరిచినప్పుడు దానికి ఆధారమైన మొక్క కూడా ఇదే. పూలషాపుల్లో వేలు పలికే వాండాలన్నిటికీ ఇంటిపేరు ఇచ్చింది మామ కోసి పడేసిన బదనికే.

పేరు దొరికింది గానీ, మొక్కని బతికించడం తెలియలేదు. ఉదయగిరి కోటని 1514లో గెలిచిన కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి, దానికోసం గుడి కట్టించాడు. దూరం తీసుకెళ్ళినదానికి తగిన చోటు కట్టాలి. ఇంగ్లండువాళ్ళు కూడా ఆర్కిడ్లకి చోటు కట్టారు, కానీ తప్పు చోటు. వేడిదేశాల మొక్క అంటే ఉక్కపోత, చీకటి, చెమ్మ కావాలనుకున్నారు. గాజు ఇళ్ళలో బొగ్గు మండించి, కిటికీలు బిగించి, కుండీల్ని చెమ్మగా మగ్గే బెరడు పొట్టులో పాతారు. ఓడల్లో నెలల ప్రయాణం తట్టుకుని ఎండిపోయి దిగినవి ఆ ఆదరణలో కుళ్ళిపోయాయి. జాన్ లిండ్లీ అంతటి వృక్షశాస్త్రవేత్తే 1830లో వేడి, నీడ, తడి కావాలని సలహా ఇచ్చాడు. ఆ దశాబ్దంలోనే చాట్స్‌వర్త్ తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ గాలి ఆడనివ్వడం, ఏ మొక్క ఎక్కణ్ణించి వచ్చిందో చూసి దానికి తగ్గట్టు పెంచడం మొదలుపెట్టాడు. 1835లో బయల్దేరిన ఆ తోట ఉద్యోగి జాన్ గిబ్సన్ ఖాసీ కొండల నుంచి తెచ్చిన ఆర్కిడ్లు అక్కడే పెరిగాయి.

గాలి అంత ముఖ్యం కావడానికి కారణం వేరులోనే ఉంది. ఆర్కిడ్ వేరు చుట్టూ చచ్చిన కణాల పొర ఒకటి స్పాంజిలా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు వెండిలా తెల్లగా, తడిస్తే పచ్చగా కనిపిస్తుంది. వాన పడ్డ కాసేపట్లోనే నీళ్ళు పీల్చేసుకుని, మళ్ళీ ఆరాలి. ఆరకుండా నానుతూ ఉంటే లోపలి వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. ఆకులేమో పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి తీసుకుంటాయి. మెట్టలో బతకడానికి ఇంతకంటే ఏం కావాలి?

నా కిటికీలోది ఫాలెనాప్సిస్, బదనికకి దగ్గర చుట్టమే. తడి అడవుల పిల్ల కాబట్టి అంత మొండిది కాదు. అది మన ఫ్లాట్లదాకా రావడం వెనక కూడా మూడు తేదీలున్నాయి. ఆర్కిడ్ గింజ మొలవడానికి ఒక బూజు సాయం కావాలని 1899లో నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టాడు. బూజు లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించవచ్చని 1922లో లూయిస్ నడ్సన్ చూపించాడు. మొక్క చిగురు కణజాలం నుంచి నకళ్ళు తియ్యడం 1960లో జార్జ్ మొరెల్ పద్ధతితో ఊపందుకుంది. దానివల్ల ఆర్కిడ్ చవకైంది. వెలిగొండల మీంచి ఇంకో బదనికని పీక్కురావలసిన పని కూడా లేదు.

అవ్వ మాట, పాక్స్‌టన్ పద్ధతి రెండూ కలిపి నేను చేసింది ఇది. ముందు కుండీలోంచి మొక్కని బయటికి తీశాను. ఎండినా, వేరు కుళ్ళినా ఆకులు ఒకేలా ముడుచుకుంటాయి, కాబట్టి వేరు చూడకుండా నీళ్ళు పొయ్యకూడదు. నొక్కితే గట్టిగా ఉన్న వేరు బతికున్నట్టు. మెత్తగా గోధుమరంగులో ఉన్నా, గుల్లగా ఉన్నా చచ్చినట్టు. మంటలో కాల్చి చల్లార్చిన కత్తెరతో చచ్చినవి తీసేశాను. మిగిలిన వేర్లని మామూలు నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, కొబ్బరి డొప్ప ముక్కలు, బొగ్గు ముక్కలు నింపిన చిల్లుల కుండీలో పెట్టాను. వెలుతురుండి ఎండ తగలని చోటు చూశాను. ఆకుల మధ్య గుంటలో నీళ్ళు నిలవకుండా ఒత్తాను. కొత్త వేరు వచ్చేదాకా ఎరువు లేదు. వేర్లు వెండిరంగుకి వచ్చాకే మళ్ళీ నీళ్ళు.

ఒక్క వేరు కూడా మిగలకపోతే, మొక్కని తడి నాచు మీద ఆనించి, గాలి ఆడే ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి ఉంచాలి. అప్పటికీ బతుకుతుందని హామీ లేదు. పట్టేది రోజులు కాదు, వారాలు, నెలలు.

నా మొక్క ఆకుల ముడతలు పూర్తిగా పోలేదు. ముసలి ఆకులు అలాగే ఉండి రాలిపోతాయేమో. ఆరో వారంలో మాత్రం మొదలు దగ్గర బియ్యపుగింజంత పచ్చటి మొన ఒకటి కనిపించింది. ఫోటో తీసి మామకి పంపాను. "ఇంట్లోకి కూడా తెచ్చుకున్నావా బదనికని, చెట్టే లేదు కదరా దానికి తినడానికి" అన్నాడు.

అదే కదా మామా నేను చెప్పేది, అన్నాను.