ఊపిరిని కనిపెట్టుడి: హైదరాబాదు క్లోరోఫారం పరిశోధన కథ



ఈ శతాబ్ది సంచికకు ఏదైనా వ్రాయమని పెద్దలు కోరినప్పుడు కొంత జంకినాను. మన గుడుల చరిత్ర, తొలి కాపరుల చరిత్ర నాకంటె బాగా తెలిసినవారు ఎందరో ఉన్నారు. నా ఉద్యోగకాలమంతా నర్సుగా ఆపరేషన్ గది గుమ్మం దగ్గరనే గడిచిపోయింది. స్ట్రెచరు మీద వచ్చిన ప్రతివారు నా చెయ్యి పట్టుకొని అడిగిన మాట ఒక్కటే: "సిస్టరమ్మా, మత్తు ఇచ్చినంక మళ్ల లేస్తనా?"

ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు కోసం లోకమంతా హైదరాబాదు వైపు చూచిందని మనలో ఎందరికి తెలుసు?

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు పీల్పించి, రోగికి నొప్పి తెలియకుండ ఆపరేషన్ జరుగునట్లు చేసి చూపినాడు. మరుసటి ఏడు ఎడింబరోలో డాక్టర్ సింప్సన్ క్లోరోఫారం వాడి, ప్రసవ వేదనలో ఉన్న తల్లులకు కూడ ఇచ్చినాడు. స్త్రీ వేదన దేవుడు విధించినది, దానిని తీసివేయరాదని కొందరు విశ్వాసులు ఆక్షేపించిరి. సింప్సన్ ఆదికాండము రెండవ అధ్యాయమునే చూపినాడు. ఆదాము ప్రక్కనుండి ఎముక తీయుటకు ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలిగించెను గదా అని ఆయన జవాబు. 1853లో విక్టోరియా రాణి తన ప్రసవానికి క్లోరోఫారం తీసుకొన్న తరువాత ఆ వాదం చాలవరకు చల్లబడింది.

కాని భయం పోలేదు. 1848 జనవరిలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనబోయి క్లోరోఫారం క్రింద చనిపోయింది. ఇటువంటి మరణాలు అక్కడక్కడ జరుగుతూనే వచ్చినవి. ముందు ఆగేది గుండెయా, ఊపిరియా? లండను వైద్యులు చాలామంది నాడి పట్టుకొని గుండెను చూడవలెననిరి. ఎడింబరోలో సైమ్ అనే సర్జను శిష్యులు మాత్రం నాడిని వదలి ఊపిరిని కనిపెట్టవలెననిరి.

ఆ శిష్యులలో ఒకడు ఎడ్వర్డ్ లారీ. ఆయన 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, అక్కడి వైద్య పాఠశాలకు అధిపతి అయినాడు. 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్ ఏర్పడి జంతువుల మీద పరీక్షలు జరిపి, ముందు ఆగేది ఊపిరియే అని తేల్చింది. లండనులోని 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, మీరే ఒక పండితుని పంపి చూచుకొనుడని కబురు చేసినాడు. 1890లో మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చినది ఈ నిజాము పేరు మీదనే.

1889 చివర లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చినాడు. రెండవ కమిషన్ కుక్కలు, కోతులు, మేకలు, గుర్రములు మొదలైన నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు చేసింది. బ్రంటన్ వచ్చునప్పుడు లండను పక్షాన ఉన్నవాడే; చివరకు లారీ చెప్పినదే నిజమని ఒప్పుకొన్నాడు. కమిషన్ చెప్పిన జాగ్రత్తలు ఇవి: రోగిని పడుకోబెట్టవలెను, మెడ దగ్గర బట్టలు వదులు చేయవలెను, మత్తు పూర్తిగా పట్టనిదే కత్తి పెట్టరాదు, ఊపిరి ఆగితే వెంటనే నాలుకను ముందుకు లాగి కృత్రిమ శ్వాస ఇవ్వవలెను.

ఆ రోజులలో హైదరాబాదు పాఠశాలలో చదివి క్లోరోఫారం ఇచ్చుటలో పేరుపొందిన పార్సీ వనిత రూపాబాయి ఫర్దూన్‌జీ. లోకంలో మత్తు వైద్యం వృత్తిగా చేపట్టిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు.

అయితే కథ అక్కడ ముగియలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద పరీక్షించి, తక్కువ మత్తులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపినాడు. మోతాదు మించితే ఊపిరి ముందు ఆగుననుట సరియే. గుండెకు భయమే లేదనుకొనుట మాత్రం పొరపాటు. క్లోరోఫారం మెల్లగా మూలబడింది. ఊపిరిదారి తెరిచి ఉంచవలెనన్న పాఠం మాత్రం నిలిచింది. గొంతులోనుండి గొట్టం వేయు పద్ధతిని మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మాగిల్ అభివృద్ధి చేసినాడు. 1981లో ఆర్చీ బ్రెయిన్ గొంతులో అమరే మాస్కును కనిపెట్టినాడు. నేడు ఊపిరిని, గుండెను రెంటిని యంత్రాలు క్షణక్షణం చూపుచున్నవి.

మన జిల్లాలలో ఈ పనికి ప్రత్యేకమైన కష్టమొకటి ఉన్నది. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగిసినవారికి మెడ వెనుకకు వంగదు, గొట్టం వేయుట కష్టం. వెన్నుపూసల నడుమ సూది దించుట కూడ కష్టమే. అటువంటివారు ముందుగానే మత్తు డాక్టరుకు చూపించుకొనుట చాల అవసరం.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఒకనాడు హెర్నియా ఆపరేషనుకు వచ్చిన యువకుని "ఏమైన తిన్నవా?" అని అడిగితే "లేదు" అన్నాడు. కొడుకు నీరసపడునని తల్లి తెల్లవారే రెండు జొన్నరొట్టెలు పెట్టిందట. మత్తు పట్టుచుండగా వాంతి అయింది. డాక్టరు తటాలున తల దించి, ప్రక్కకు త్రిప్పి, గొంతు శుభ్రం చేయించినందున ఆ బిడ్డ బ్రతికినాడు. బయట ఆ తల్లి "నా చేతులతోనే పెడితిని సిస్టరమ్మా" అని నా భుజం మీద పడి ఏడ్చింది. ఆమె చేసినది ప్రేమతోనే. ఆమెకు ఎవరూ కారణం విప్పి చెప్పలేదు. "తినిపించవద్దు" అని మాత్రమే చెప్పి పోయినవారిలో నేనూ ఒకతెను.

అందుచేత ఇప్పుడు చెప్పుచున్నాను. మత్తులో కడుపులోనిది పైకి వచ్చి ఊపిరిదారిలో పడితే ప్రాణాపాయం. ఆపరేషనుకు ముందు ఎన్ని గంటలు తినరాదో, ఎప్పటివరకు మంచినీళ్లు త్రాగవచ్చునో డాక్టరును అడిగి అట్లే చేయుడి. కల్లు, బీడీ అలవాట్లు, కదిలే పండ్లు, వాడే మందులు ఏవీ దాచవద్దు. సిగ్గుపడి దాచినది అక్కడ ప్రాణం మీదికి తెచ్చును.

"మళ్ల లేస్తనా?" అని అడిగినవారికి నేను చెప్పిన జవాబు ఇది: "నీవు నిజం చెప్పు, బిడ్డా. నీ ఊపిరిని కనిపెట్టుటకు మేమున్నాము. మన అందరి ఊపిరిని కనిపెట్టువాడు పైన ఉన్నాడు."