రాధ, ఇళ, నాగరత్నమ్మ

చిరాగ్‌పల్లి చెక్‌పోస్ట్ దగ్గర లారీల వెనక మా బస్సు ఇరుక్కుంది. చేతిలో ఫోన్, అందులో ఓ ఇంగ్లిష్ నవల: చిన్న ఊరు, ఇద్దరమ్మాయిలు, ముందు పగ, తర్వాత ప్రేమ. తెలుగులో ఇలాంటిదేముంది అనుకుంటే తట్టింది 18వ శతాబ్దపు తంజావూరు, ముద్దుపళని 'రాధికా సాంత్వనము'.

అందులో రాధ తాను పెంచిన ఇళను చేతులారా ముస్తాబు చేసి కృష్ణుడి పడకటింటికి పంపుతుంది. ఆ తర్వాత అసూయతో కుమిలిపోతుంది. చివరికి కృష్ణుడొచ్చి బుజ్జగిస్తాడు. మరి ఇళ? పెంచిన చేతికీ, పెరిగిన పిల్లకీ మధ్య ఏం మిగిలింది? నాకు కావాల్సింది అదే, కావ్యం మాత్రం కృష్ణుడి వైపే నడిచింది.

నేను వెతికిన ప్రేమ పుస్తకం బయట దొరికింది. వీరేశలింగం గారు ముద్దుపళనిని వేశ్య అని తీసిపారేస్తే, తానూ దేవదాసి కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మకి ఒళ్లు మండింది. పట్టుబట్టి 1910లో కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయించింది. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఒకరినొకరు చూసే వీలే లేని ఇద్దరాడవాళ్లు! దీన్ని నేనైతే రొమాన్సే అంటాను.

1947లో టంగుటూరి ప్రకాశం ఆ నిషేధం ఎత్తేయించారు. అప్పటికి నాగరత్నమ్మకి డెబ్బై దగ్గరపడ్డాయి.