మాప్ వర్సెస్ ఒహాయో

పోలీసులు రాజ్యాంగ విరుద్ధంగా సోదా చేసి పట్టుకున్న సాక్ష్యం రాష్ట్ర కోర్టుల్లోనూ చెల్లదంటూ అమెరికా సుప్రీంకోర్టు 1961 జూన్ 19న ఇచ్చిన తీర్పు. ఫెడరల్ కోర్టుల్లో ఈ నియమం 1914 నాటి వీక్స్ కేసు నుంచే ఉంది.

1957 మే 23న క్లీవ్‌లాండ్‌లో బాంబు పేలుడు కేసు అనుమానితుడిని వెతుక్కుంటూ పోలీసులు డాల్‌రీ మాప్ ఇంటికొచ్చారు. ఆమె లాయరుకు ఫోన్ చేసి, వారెంటు లేనిదే లోపలికి రానివ్వనంది. కొన్ని గంటల తర్వాత మరికొందరితో వచ్చి తలుపు బద్దలుకొట్టారు. వారెంటు ఏదని అడిగితే ఒకరు ఓ కాగితం చూపారు. ఆమె దాన్ని లాక్కుని దుస్తుల్లో దోపుకుంది. వాళ్లు పెనుగులాడి తీసుకుని, బేడీలు వేశారు. ఆ కాగితాన్ని విచారణలో ప్రాసిక్యూషన్ చూపించనేలేదు. చివరికి నేలమాళిగలోని ట్రంకుపెట్టెలో అశ్లీల పుస్తకాలు దొరికాయని కేసు పెట్టారు. బాంబు కేసని వచ్చి పుస్తకాలు పట్టుకెళ్లారన్నమాట!

కింది కోర్టు వేసిన శిక్ష 6-3 తేడాతో రద్దయింది. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ టామ్ క్లార్క్. వాదన ఎక్కువగా అశ్లీల చట్టం మీద సాగితే, తీర్పు సోదా మీద వచ్చింది. 1984 నాటి లియోన్ తీర్పు ఈ నియమాన్ని కొంత సడలించింది. వారెంటు చెల్లుతుందని పోలీసులు సద్భావంతో నమ్మితే సాక్ష్యం నిలుస్తుంది.

మన దేశం ఈ దారి పట్టలేదు. కేసుకు సంబంధించిన సాక్ష్యమైతే, సోదా అక్రమమన్న ఒక్క కారణంతో తోసిపుచ్చనక్కర్లేదని పూరణ్‌మల్ కేసులో 1973లో మన సుప్రీంకోర్టు తేల్చింది.